మెట్ల మీది రాణి

ఆ పాడుబడ్డ కోటలో గైడ్లు ఇద్దరే, బావా బావమరుదులు. తోడికోడళ్లు పొయ్యిలు పంచుకున్నట్టు ఇద్దరూ దయ్యాలను పంచుకున్నారు. ఒకరి దయ్యం జోలికి ఇంకొకరు పోకూడదు. బావమరిదిది తల లేని సైనికుడు. బావది కూలిన మెట్ల మీది రాణి. నిజానికి అలాంటి రాణి ఎవరూ లేరు. భార్య చనిపోయిన ఏడాది ఆమె నడకా నవ్వూ అరువు తెచ్చుకుని బావే ఆ రాణిని అల్లాడు. ఆ సంగతి బావమరిదికి చెప్పలేదు.

చిత్రమేమిటంటే, వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు రాణిని చూశామని ఒట్టేసి మరీ చెబుతారు. గైడు మాత్రం జనానికి ఎదురుగా, మెట్లకు వీపు పెట్టి నిలబడాలి కదా! "అమ్మో, అదిగో!" అని అరిచినప్పుడల్లా గిరుక్కున తిరిగితే బోసిరాళ్లే. దారినపోయే దానయ్యలకు కనబడి, కట్టుకున్నవాడికి కనబడకపోవడం ఏం న్యాయమో అతనికి అంతుబట్టేది కాదు.

ఒకరోజు అతని గొంతు పూర్తిగా బొంగురుపోయింది. గత్యంతరం లేక రాణిని బావమరిదికి అప్పగించి, తాను జనంలో కలిశాడు. ఇవాళైనా చూడాలి.

బావమరిది కథ ఎత్తుకున్నాడు. అతని రాణి నవ్వలేదు. కాలు నేలకేసి కొట్టింది, మూతి ముడుచుకుంది, బతిమాలినా పలకలేదు. బావ తెల్లబోయాడు. ఇదెవరు? తనింట్లో ఆమె ఏనాడూ అలగలేదే! మరి తాను కాపురం చేసింది ఎవరితో?

"అదిగో!"

చేతులన్నీ మెట్లవైపు లేచాయి. బావ కళ్లు చించుకుని చూశాడు. రాళ్లు, గడ్డి. అంతే. ఏడుపు ముంచుకొచ్చింది.

బావమరిది వెనక్కి తిరగలేదు. అక్కతో పోట్లాడి మాటలు మానేసినవాడు, ఆమె పోయేలోపు మళ్లీ పలకరించనివాడు. కథ ఆపేసి జనంలోకి చూశాడు.

"నువ్వు అల్లింది ఎవర్నో నాకు మొదటిరోజే తెలుసు బావా. తిరిగి చూడాలంటే భయమేస్తోంది. నువ్వే చెప్పు, అక్కకి ఇంకా నా మీద కోపమేనా?"

ఇదీ ఆటలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు.

"లేదురా," అన్నాడు బావ, ఉన్న కాస్త గొంతుతో. "నవ్వుతోంది."

ఆ మాట అబద్ధమో కాదో అతనికే తెలియలేదు. మళ్లీ మెట్లవైపు చూసే ధైర్యం మాత్రం చాల్లేదు.