ఊరు దాటని గ్రేడు

జెనీ డిగ్రీకి ఇక మిగిలింది ఇంగ్లీషు మూడో లెవెలు ఒక్కటేనని ఇంట్లో అందరూ అనుకున్నారు. మొదటి రెండూ పెళ్లికి ముందే విశాఖపట్నంలో ప్యాసైంది. మూడోది పెళ్లయి వచ్చిన ఖరగ్‌పూర్ కాలేజీలో చదవచ్చా అని ఎవరూ ముందుగా అడగలేదు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మామగారు సమూయేలు అడగనివ్వలేదు.

"గ్రేడు మనిషితో పాటొస్తాదమ్మా. నన్ను వాల్తేరు ట్రాన్స్‌ఫర్ చేసినప్పుడు మల్లీ సుత్తి పట్టుకోడం నేర్పినారేటి?"

ఆడబిడ్డ సూసన్న ఊళ్లోనే తాల్‌బగీచా నుంచి రోజూ వచ్చి జెనీ పాపను చూసుకుంటానంది. "ఈ ఒక్క యేడే సుమా. ఆ పైన ఇండస్ట్రియల్ పార్కులో పనికెల్పోతాను. నీ కూతుర్ని మెషీను మీద కూకోబెట్టుకోలేను."

కాలేజీలో ఇంగ్లీషు చెప్పే బెంగాలీ దీదీ జెనీని కూర్చోబెట్టి ఇంగ్లీషులోనే మాటల్లోకి దింపింది. పాపకు పళ్లొస్తున్నాయని, ఇల్లంతా కొరుకుతోందని జెనీ ఇంగ్లీషులోనే చెబితే దీదీ నవ్వింది.

"మీకు మూడో లెవెలు తేలిక," అంది. తర్వాత నవ్వు ఆపి, "కానీ మొదటి లెవెలు నుంచే చదవాలి. మూడేళ్లు," అంది.

"ఇప్పుడు విన్నారు కదా దీదీ."

"నేను విన్నాను. రూలు వినదు. మీ కాలేజీ కొలత మీది, మా కొలత మాది. మీ రెండో లెవెలంటే ఏమేం వచ్చినట్టో మా వాళ్లకి తెలీదు. ఏ లెవెలుకి ఎంత చదవాలో, ఎంత మాట్లాడాలో అన్ని యూనివర్సిటీలూ కలిసి ఒకటే అనుకుంటే, మిమ్మల్ని ఇవాళే మూడో క్లాసులో కూర్చోబెట్టేదాన్ని. మీటింగుల్లో అంటూనే ఉన్నాం."

"ఆ రూలు ఎప్పటికి వస్తుంది?"

దీదీ బల్ల మీది పుస్తకాలు సర్దింది.

ఖరిదా పేటలో ఇల్లు చేరేసరికి సమూయేలు పాపను భుజాన వేసుకుని గుమ్మంలోనే ఉన్నాడు. సంగతంతా విని చాలాసేపు నమ్మలేదు.

"మరక్కడ ప్యాసైనావు గదా. అదేటైనట్టు?"

"ఆ ఊర్లో ప్యాసైనట్టు, మావయ్యా."

పాప ఎప్పుడో నిద్రపోయింది, అయినా ఆయన జో కొడుతూనే ఉన్నాడు.

లోపల్నుంచి సూసన్న కేకేసింది. "రేపు ఎన్నింటికి రమ్మంటావే?"

జెనీ చెప్పులు విప్పి, గోడవారగా సరిగ్గా పెట్టింది. ఒక్క యేడుకే ఒప్పుకున్న మనిషిని మూడేళ్లు ఎలా అడగడం?

"రావద్దొదినా. పాపను నేనే చూసుకుంటాను."

సూసన్న తడిచేతులతోనే గుమ్మంలోకి వచ్చింది. తండ్రి మొహం చూసింది, జెనీ మొహం చూసింది.

"అయితే పార్కుకి ఇప్పుడే ఎల్పోనా?"

"ఎల్లొదినా," అంది జెనీ.