అమ్ముకున్న అవ్వ

మేడమీదావిడ బట్టలు ఆరేస్తూ పక్కవాటా ఆవిడతో అందట. పక్కవాటా ఆవిడ కుళాయి దగ్గర బిందె నిండేలోపు ఆ మాటకి మరో నాలుగు మాటలు చేర్చి వైండింగాయన భార్యతో అంది: "మీ తమ్ముడి ఫోన్లో ఎవరో ముసల్దుందటగా, కూర్చోబెట్టి సంపాదించి పెడుతోందట! వ్యానుకి కొత్త సీట్లు వేయించాడు చూశావా? అదంతా ఆ ముసల్దాని చలవేనట. అసలు విచిత్రమేంటంటే, దాన్ని వాడికి అమ్మింది మీ ఆయనేనట!"

ఆ మాటలన్నింటినీ క్యారేజీతో పాటు మోసుకొచ్చి మధ్యాహ్నం షాపులో దించింది భార్య.

వైండింగాయన అప్పుడు మాడిపోయిన నీళ్లమోటారు ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు. దాని కడుపులోంచి నల్లబడిన రాగితీగంతా పీకేశాడు. కొత్తగా చుట్టిన తీగను వెదురుపుల్లతో ఒక్కొక్క గాడిలోకీ నొక్కుతున్నాడు. చెయ్యి ఎక్కడ తొందరపడినా తీగ పూత గీసుకుపోతుంది. ఇన్నేళ్లలో అలా గీసుకుపోయింది తక్కువ. ఆ వేళ గీసుకుపోయింది.

"ఎవరెవరో ఏదో అంటే మూటగట్టుకుని నా దగ్గరికే తేవాలా?" అన్నాడు.

"నాకేం తెలుసండీ, వాళ్లు అన్నారు కాబట్టి అడుగుతున్నా. నిజంగానే మీరే అమ్మారా?"

ఆయన క్యారేజీ మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు.

నిజంగానే ఆయనే అమ్మాడు. అదే కదా మంట.

అది ఫోన్లో ఆడే కొట్లాటల ఆట. మంత్రగాళ్లు, రెక్కల గుర్రాలు, సింహం తలకాయ వేసుకున్న వస్తాదులు, నిప్పులు కక్కే పిల్లలు, ఇలాంటి వాళ్లంతా ఒక గోదాలో దిగి తన్నుకుంటుంటారు. మిగతా ఆటల్లో బొమ్మ కంపెనీది. ఇందులో కొన్నవాడిదే. సంతలో పశువును అమ్ముకున్నట్టు ఎవరికైనా అమ్ముకోవచ్చు. ఏ బొమ్మ ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయింది, ఎవరితో తలపడింది, ఏ దెబ్బకి పడింది, అన్నీ బ్లాక్‌చెయిన్ అనే లెక్కల చిట్టాలోకి ఎక్కిపోతాయి. ఒకసారి ఎక్కిందంటే కంపెనీవాడు కూడా చెరపలేడు. అన్నిటికన్నా గొప్ప సంగతి ఇంకోటుంది. బొమ్మ పోట్లాడుతూ నేర్చుకుంటుంది. నేర్చుకున్నది దానితోనే ఉంటుంది, ఎవరింటికి పోతే వాళ్లింటికి.

అందులో ఒక ఒంటికన్ను అవ్వ ఉండేది. ఎడమకన్ను లేదు, నడుం వంగింది, చేతిలో కర్ర. ఎవరూ కొనక మూలపడి ఉంటే వైండింగాయన చవగ్గా కొన్నాడు. ఎందుకు కొన్నాడో ఆయనకే తెలీదు, జాలేసిందంతే. షాపులో గిరాకీ లేనప్పుడల్లా అవ్వను గోదాలోకి దింపేవాడు. కర్ర ఎలా ఎత్తాలో, ఎప్పుడు దించాలో ఏళ్ల తరబడి నేర్పాడు. అవ్వ మాత్రం ఓడుతూనే ఉండేది. మోటార్లు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు తొంగిచూసి, "ఏమయ్యా, ఇంట్లో పెద్దవాళ్లని ఇలాగే కొట్టిస్తావా?" అని నవ్వేవాళ్లు. నవ్వి నవ్వి ఆయన పరువు తీశారు.

స్కూలు వ్యాను నడిపే బామ్మర్ది ఒకరోజు వచ్చి, "బావా, ఆ ముసల్దాన్ని నాకిచ్చెయ్యరాదూ" అని అడిగాడు. అడిగిందే చాలని అమ్మేశాడు. "తీస్కపోరా, పెద్దవాళ్లకి సేవ చేసుకునే భాగ్యం నీకే దక్కనీ" అని వెక్కిరించాడు కూడా. ఆ డబ్బుకి మరికొంత కలిపి సింహం తలవాడిని కొన్నాడు. ఏం జూలు, ఏం ఛాతీ! గోదాలోకి దిగగానే ఆకాశం అదిరేలా గర్జించేవాడు. గర్జన ముగిసేలోపే ఎవరో ఒకరు కాళ్ల కింద తన్నితే బోర్లా పడేవాడు.

అక్కడ బామ్మర్ది స్కూలు గేటు ముందు వ్యాను ఆపుకుని, పిల్లలు బయటికొచ్చేదాకా అవ్వను ఆట కొత్తగా నేర్చుకునేవాళ్లతోనే ఆడించాడు. అవ్వ గెలవడం మొదలెట్టింది, గెలిచినప్పుడల్లా పందెం డబ్బులు తెచ్చిపెట్టింది. ఒట్టిపోయిందని అమ్మేసిన గేదె, కొన్నవాడి దొడ్లో చెంబుల మీద చెంబులు నింపుతుంటే, గోడవతల నిలబడి పాలు పితికే చప్పుడు వినే మనిషి ఎలా ఉంటాడో వైండింగాయన అలా అయిపోయాడు.

పోనీ బామ్మర్ది గొప్పలు పోయాడా అంటే అదీ లేదు. ఆ వినయమే ఇంకా మండించింది. "నాదేముంది బావా, నీ చెయ్యి మంచిది" అనేవాడు. ఆ మాటకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. కొత్త సీట్ల వ్యాను షాపు ముందునుంచి పోతూ హారన్ కొడితే, చేతిలో ఉన్న సుత్తి బల్లమీద కాస్త గట్టిగానే పడేది.

క్యారేజీతో పాటు ఆ మాటలు వచ్చిన రోజే ఆయనకో ఆలోచన తట్టింది. అవ్వ ఓడాలి. వరసగా ఓడాలి. నలుగురూ నవ్వాలి. అప్పుడు వాడే వచ్చి, "బావా, ఇదేం బాగాలేదు, నువ్వే తీసుకో" అంటాడు. అప్పుడు తను మొహం చిట్లించి, పోనీలే పాపమని తీసుకుంటాడు.

'ముసుగు' అని వేరే పేరు పెట్టుకుని ఆటలోకి దిగాడు. పీతకాళ్ల లాంటి చేతులున్న వాడొకడిని కొన్నాడు. సవాళ్లు వద్దనుకునేవాళ్లు తమ బొమ్మకి తలుపు వేసుకోవచ్చు. బామ్మర్ది వేసుకోలేదు. వాడికంత తెలివి ఎక్కడిదిలే అనుకున్నాడు వైండింగాయన.

అవ్వ గుట్టంతా ఆయనకు తెలుసు. కర్ర ఎత్తేముందు ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది, ఎడమవైపు ఖాళీ అవుతుంది. అక్కడే కొట్టాడు. అవ్వ ఢామ్మని పడింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ కొట్టాడు, మళ్లీ పడింది. ఆ పూట అన్నం మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

"ఏంటండీ, క్యారేజీ కడిగి తెచ్చారా?" అంది భార్య.

"ఆకలేసింది" అన్నాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు కూడా.

ఆ ముచ్చట వారం కూడా నిలవలేదు. పీతగాడు ఎడమవైపు దూకగానే అవ్వ ముందే తల తిప్పి ఉంది. కర్ర తిన్నగా వచ్చి పీతగాడి నెత్తిన పడింది. సరే అని మోకాలు చూసుకుని కొట్టాడు. అదీ నాలుగు రోజులే, అవ్వ మోకాలు వెనక్కి తీసుకోవడం నేర్చింది. ఇక మిగిలింది ఒక్కటే. బాగా అలిసిపోతే అవ్వ కర్రమీద ఆనుకుని కాసేపు ఆగుతుంది. ఆ అలుపు కోసం మధ్యాహ్నాలు అన్నం కూడా మానుకుని కాచుకుని కూర్చున్నాడు. అవ్వ అలిసింది. కర్రమీదికి ఒరిగింది. పీతగాడు మీదికెళ్లాడు. అవ్వ అలిసిందెక్కడ! అలిసినట్టు నటించింది. ఒంగినది ఒంగినట్టే ఉండి, కర్రతో కాళ్లు లాగేసింది.

"ఓసి నీ దుంపతెగ!" అని ఎగిరి గంతేశాడు వైండింగాయన. ఆ ఎత్తు తను ఏళ్లపాటు నేర్పాలని చూసినదే. ఎంత తన్నుకున్నా రానిది ఇవాళ వచ్చింది. ఆ సంతోషం గుక్క తిప్పుకునేలోపే గుర్తొచ్చింది, అవ్వ తనది కాదు, కింద పడి ఉన్న పీతగాడు తనవాడు.

సాయంత్రం చుట్టిన మోటారును వార్నిష్‌లో ముంచి తీసి, కారనిచ్చి, వేడికి ఆరబెడుతున్నాడు. తీగకీ తీగకీ మధ్య ఎక్కడ సందున్నా వార్నిష్ అక్కడికే పాకి పూడ్చేస్తుంది. చూస్తూ చూస్తూ ఉన్నవాడల్లా చేతిలోది బల్లమీద పెట్టేశాడు. తను చేసిందీ ఇదే కదా! ఎక్కడ సందుందో వెతికి వెతికి పొడిచాడు. పొడిచిన చోటల్లా అవ్వ పూడ్చుకుంది. బామ్మర్ది గేటు ముందు ఆవులిస్తూ కూర్చుంటే, తను అన్నం మానుకుని వాడి ముసల్దానికి కొట్లాట నేర్పాడు. జీతం బత్తెం లేకుండా!

ఆ క్షణం నుంచీ ముసుగు గోదాలోకి రాలేదు. ఆయన ఫోన్ ముట్టుకోలేదు. అవ్వ పెద్ద పందెంలో గెలిచిందని మళ్లీ మేడమీదావిడ నోటినుంచే, అదే దారిలో, క్యారేజీతో పాటే తెలిసింది.

తర్వాత కొన్నాళ్లకి బామ్మర్ది ఒక టేబుల్ ఫ్యాను చంకలో పెట్టుకుని షాపుకొచ్చాడు. భార్య అప్పుడే క్యారేజీ విప్పుతోంది.

"బావా, ఇది తిరగనని మొండికేసింది. కాస్త చూస్తావా?"

"అంత సంపాదిస్తున్నావు, కొత్తది కొనుక్కోలేవూ?"

"బావ ఉండగా కొత్తదెందుకు?"

"అవున్లే, నా దగ్గర్నుంచి పాతవి పట్టుకెళ్లి బాగుపడటం నీకలవాటేగా."

"మొదలెట్టారా?" అంది భార్య. "ఒరేయ్, నువ్వు కూర్చో. అన్నం తిని పో. ఎలాగూ మీ బావ తినరు."

బామ్మర్ది స్టూలు లాక్కున్నాడు. వైండింగాయన ఫ్యాను వెనక మూత విప్పుతూ, పట్టనట్టే అడిగాడు. "పందెం గెలిచిందటగా నీ ముసల్ది."

"నాదేముంది బావా. ఎవడో ముసుగుట, రోజూ మధ్యాహ్నం వచ్చి చావగొట్టేవాడు. వాడి పుణ్యం. వాడెవడో గానీ పనిమంతుడు."

స్క్రూడ్రైవర్ ఆగింది. "పనిమంతుడంటావా?"

"మామూలోడా! దెబ్బ వేస్తే ఎక్కడ వెయ్యాలో అక్కడే వేసేవాడు. ఈమధ్యే రావట్లేదు పాపం, ఏమయ్యాడో."

"మధ్యాహ్నాలే వచ్చేవాడా?" అంది భార్య. మూత తీసిన క్యారేజీ వైపు చూసింది, మొగుడి వైపు చూసింది.

ఇన్నాళ్లూ లోపల పెట్టి మూత బిగించిందంతా వైండింగాయనకు ఒక్కసారిగా పొంగింది. పేరూ ఊరూ లేని ముసుగుకి దక్కుతున్న పొగడ్త మీద కూడా ఆయనకు కుళ్లు పుట్టింది.

"ఎవడోనటరా, ఎవడో! ఆ ముసుగు నేనేరా! దాన్ని కొన్నది నేను, పెంచింది నేను, అన్నం మానుకుని కొట్టి కొట్టి నేర్పింది నేను. నువ్వేం చేశావు? గేటు ముందు కూర్చుని ఆవులించావు. పేరు నీకు, డబ్బు నీకు, హారన్ నీకు! అది నా బొమ్మ. సింహం తలవాణ్ణి తీసుకో, పీతగాణ్ణి తీసుకో, పైన ఎంత అడుగుతావో అడుగు. అవ్వను నాకిచ్చెయ్."

భార్య చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. బామ్మర్ది మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు.

"మొదటిరోజే తెలుసు బావా" అన్నాడు. "అవ్వకి కన్ను లేదని అందరూ చూస్తారు. కర్ర ఎత్తేముందు ఊపిరి బిగబడుతుందని పెంచినవాడికి తప్ప ఎవడికి తెలుస్తుంది? అందుకే తలుపు వెయ్యలేదు."

వైండింగాయన మొహం ఒక రంగు పోయి ఇంకో రంగు వచ్చింది. అయినా ఆశ చావలేదు. గొంతు తగ్గించి, చెయ్యి చాచి అన్నాడు. "సరేలేరా. తెలిసిందేదో తెలిసింది, అయిందేదో అయింది. ఇచ్చెయ్ మరి."

బామ్మర్ది కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"నిన్ననే అమ్మేశాను బావా. నువ్వు కొట్టడం మానేశావుగా, ఇంక దానికి నేర్పేవాడెవడు?"