బెల్లం దళారి తేల్చిన చదువు

చంద్రమౌళి ఇంట్లో ఆ ఆదివారం పెద్దలు కూర్చున్నారు. ఫ్యాను కింద కుర్చీలు, పళ్లెంలో జంతికలు, వేడివేడి కాఫీలు, అంతా పెళ్లిచూపులంత మర్యాదగా ఉంది. మాట్లాడుతున్నది ఎంబీఏ చదువు గురించి. కాఫీలు అందిస్తున్న ధనశ్రీ కింది పెదవి చిట్లి, వాచి, నల్లబడిపోయింది. పాఠకులారా, అక్కడున్నవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు ఆ పెదవి సంగతి ఎత్తలేదు.

ధనశ్రీ చంద్రమౌళికి ఒక్కతే కూతురు. ఓ మందుల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఐసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఉద్యోగం మానేసి, విశాఖలో రెండేళ్ల ఫుల్ టైమ్ కోర్సులో చేరతానంది. ఆ మాటకే మొగుడు తారక్ జుట్టు పట్టి ఈడ్చి, మొహాన్ని గుమ్మానికేసి కొట్టాడు.

"రోజూ వైజాగ్ ఎళ్లి వత్తానంటే ఇల్లెవరు సూత్తారు బావా? ఆడికి కోపం రాదేటి?" అన్నాడు తారక్ తండ్రి సన్యాసిరావు.

చంద్రమౌళి అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్పై ఏళ్లుగా దళారి. రైతు ఒకటంటే, కొనేవాడు ఇంకొకటంటే, ఇద్దర్నీ చెరో మెట్టు దింపి నడిమిన తేల్చడం ఆయన విద్య. కూతురి సంసారాన్నీ ఆ మహానుభావుడు అలాగే తేల్చేశాడు.

"పార్ట్ టైమ్ సేరమ్మా. ఆదివారాలే క్లాసులు. ఓ ఏడాది ఎక్కువైతే అయింది, ఉజ్జోగం ఉంటాది, ఇల్లూ ఉంటాది. అల్లుడుగారూ, మీరూ ఓ మెట్టు దిగండి."

"మీరు సెప్పేక కాదంటానా మావయ్యా?" అని తారక్ నవ్వాడు. ధనశ్రీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎంత బాగా తేల్చావయ్యా అని అందరూ మెచ్చుకుంటే చంద్రమౌళి పొంగిపోయాడు.

క్లాసులు మొదలైన నాలుగో ఆదివారం ధనశ్రీ పొరుగింటివాళ్లు ఫోన్ చేశారు. చంద్రమౌళి పడుతూ లేస్తూ కశింకోట చేరేసరికి కూతురి ఇంటి ముందు జనం. బస్సు దొరక్క గంట ఆలస్యంగా వచ్చిందట, అదీ నేరం! పుస్తకాల సంచీ చిరిగి వీధిలో పడి ఉంది. లోపల గచ్చంతా రక్తం. ధనశ్రీ ఎడమ చెయ్యి మోచేతి కింద వంకర తిరిగిపోయింది. పక్కన రోకలి. మామ చూస్తుండగానే తారక్ ఆమె కడుపులో తన్నాడు. చంద్రమౌళి అడ్డం వెళ్తే ఒక్క తోపు తోశాడు, గడప తగిలి ఆయన నుదురు పగిలింది. నలుగురు మగాళ్లు మీద పడితే గాని తారక్ ఆగలేదు.

ఆసుపత్రిలో చేతికి కట్టు కడుతుంటే ధనశ్రీ పళ్లు బిగపట్టి అంది.

"నాన్నా, నువ్వు నా క్లాసులు తగ్గించేవు. ఆడిని కొట్టడం మానమని మాత్రం ఒక్కమాట అన్లేదు."

చంద్రమౌళి సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ రోజు వాచిన పెదవిని ఆయన చూడకపోలేదు. చూసి కూడా కాఫీ తాగాడు.

అంతలో సన్యాసిరావు రానే వచ్చాడు. "కుర్రోడు తొందరపడ్డాడు బావా. ఈ ఏటికి సదువు ఆపేద్దాం. మళ్లీ కూకుని మాటాడుకుందాం."

"కూకోను!" చంద్రమౌళి అరుపుకి వార్డంతా తిరిగి చూసింది. "ఏ కోర్సన్నది నా కూతురు సూసుకుంటాది. నీ కొడుకు సంగతి పోలీసులు సూత్తారు. కళ్లతో సూసేను, సాచ్చికం నేనే సెప్తాను."

స్టేషన్‌కి వెళ్తున్న ఆటోలో ధనశ్రీ మెల్లగా అంది. "ఫుల్ టైమే నాన్నా. సీటు పోతే మళ్లీ ఐసెట్ రాత్తాను. కుడిచెయ్యి బాగానే ఉంది."

ఆయన బావురుమన్నాడు.

ఆడపిల్ల ఏ చదువు చదవాలో తేల్చడానికి కుర్చీలు వేసుకునే పెద్దలారా, ముందు ఆమె మీద లేచిన చేతిని ఆపండి. చదువు సంగతి ఆమె చూసుకుంటుంది.