మజ్జిగ తొట్టి

ఇమాం హుస్సేన్ మూడో బిందె మజ్జిగ రాతితొట్టిలో వంచి, వేలు ముంచి చప్పరించాడు. చేతులు కడుక్కునే మజ్జిగకు రుచితో పనేమిటని అడిగే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికీ లేదు.

ఆ ఇల్లు ఒకప్పుడు మంత్రిగారిది. ఇప్పుడు మ్యూజియం కాబోతోంది. మెట్ల పక్కన తొట్టి పెట్టించింది మంత్రిగారి తల్లి. మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ల చేతులు సాయంత్రానికి భగ్గున మండుతాయి. పుల్లమజ్జిగలో ముంచితే చల్లబడతాయి. ఆమె పోయింది, మంత్రిగారు పోయారు, ఇంటి గేదెలూ పోయాయి. కాపలాదారు ఇమాం మాత్రం నలభై ఏళ్లుగా ఇంటింటా మజ్జిగ అడిగి తెచ్చి నింపుతున్నాడు. వంగీ వంగీ నడుము కొడవలిలా అయింది.

ఆ ఉదయం మ్యూజియం అధికారి హారిక వస్తువుల జాబితాతో వచ్చింది.

"ఈ తొట్టికి చరిత్రేం లేదుగా తాతగారూ. తీయించేద్దాం."

ఇమాం తెల్లగడ్డం గోక్కున్నాడు.

"లేకపోవడమేంటమ్మా. ఢిల్లీ నుంచి ఓ పెద్దమనిషి వచ్చాడు. మంత్రిగారు మిరప కల్లంలోంచి అట్టాగే వచ్చి చెయ్యి కలిపారు. ఆయన ఆ చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఇంటి చుట్టూ పదకొండు చుట్లు పరిగెత్తాడు. ఆయన వెనక మా గేదె ఏడు చుట్లు. చివరికి తల ఇందులో ముంచాక శాంతించి, అక్కడికక్కడే మనకి కాలవ రాసిచ్చాడు."

"గేదె ఏడు చుట్లేనా?"

"చూడి గేదె కదమ్మా. అలిసిపోయింది."

హారిక నవ్వు ఆపుకుంటూ రాసుకుంది. తొట్టి నిలిచింది. మధ్యాహ్నానికల్లా దాని చుట్టూ తాడు కట్టి, బోర్డు పెట్టించి వెళ్లింది: 'చారిత్రక వస్తువు. ముట్టుకోరాదు.'

ఇమాం దాన్ని రెండుసార్లు చదివాడు. తన అబద్ధాలు ఇంత బాగా పనిచేయడం ఇదే మొదటిసారి.

సాయంత్రం సుబ్బరావమ్మ, తోటి కూలీలు మండే చేతులు దూరంగా పట్టుకుని తాడు దగ్గర ఆగిపోయారు.

"ఏందన్నా, తొట్టికి పెళ్లి చేశావా? దండేసి కూర్చోబెట్టావు."

"చేశాలే. అత్తారింటికి పంపలేదుగా. రండి."

తాడు పైకెత్తి పట్టుకున్నాడు. ఆఖరి మనిషి చేతులు చల్లబడేదాకా, భుజం వణుకుతున్నా దించలేదు.

తెల్లవారి సుబ్బరావమ్మ వచ్చి పిలిస్తే, అరుగు మీద పడుకున్న ఇమాం లేవలేదు. ఏదో కథ అందుకోబోతున్నట్టు నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

ఇమాంను మోసుకుని జనాజా వెళ్లాక హారిక తొట్టి అంచున ఎర్రటి వేళ్ల గుర్తులు చూసింది. తాడు తనే విప్పింది.

మెట్ల మీద ఇమాం సత్తుబిందె ఉంది. ఒక పక్క సొట్ట. ఎవరింటి మజ్జిగో, అంచుదాకా ఉంది.