హ్యాండ్‌బ్రేక్ వైరు

ఏడుకొండలు బావ కారు నడుపుతున్నాడు, నేను వెనక సీట్లో కూర్చున్నాను, అద్దాల అవతల పరుగెడుతున్నది ఒకసారి చిలకలూరిపేట రోడ్డులా, ఒకసారి ఆటోనగర్‌లోని నా కారు డెకార్ షాపు గోడలా ఉంటోంది, బావ మాత్రం దేన్నీ చూడటం లేదు, నేను బిగించిన పది అంగుళాల తెర మీద కామెడీ సీను చూస్తూ భుజాలు ఎగిరేలా నవ్వుతున్నాడు. పోయి ఏడు నెలలైన మనిషి, మా అక్క మెడలో పసుపుతాడు లేకుండా చేసిన మనిషి, ఇంత హాయిగా ఎలా నవ్వగలుగుతున్నాడో నాకు అర్థం కావడం లేదు.

"బావా, రోడ్డు చూడు బావా, నీకు దండం పెడతా!"

"ఎందుకురా కంగారు? బండి ఆగే ఉందిగా. ఇదిగో, తెర చెబుతోంది చూడు."

ఆ అబద్ధం దానికి నేర్పింది నేనే. తెర వెనక నుంచి వచ్చే సన్నటి వైరును హ్యాండ్‌బ్రేక్‌కు కలపాలి, అప్పుడు బ్రేకు పైకి లాగి బండి ఆపితేనే బొమ్మ పడుతుంది. దాన్ని ఇంకోచోట కలిపి నల్ల టేపు చుట్టేస్తే, బండి నూరు మీద పోతున్నా ఆగే ఉందనుకుని అది బొమ్మ వేస్తూనే ఉంటుంది. "కిరాయిలకు తిరిగేవాణ్ణి, నాకు పొద్దు పోవద్దట్రా" అని బావ అడిగాడు, సొంత బావ కదా అని రెండు నిమిషాల్లో కలిపేశాను, పైగా ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను.

"బావా, ఆ రోజు పొద్దున నీ కళ్లు ఎక్కడున్నాయి? నిద్ర పట్టిందని అందరూ అంటున్నారు. నిద్రేనని చెప్పు బావా, ఒక్క మాట!"

"నిద్రేంట్రా, అప్పుడే టీ తాగి బయలుదేరాను. ఇదిగో, వీడు జారి పడ్డాడు" అని తెర మీద మనిషిని చూపిస్తున్నాడు. "నవ్వొచ్చింది. తలెత్తేసరికి మిర్చి బస్తాల ట్రాక్టరు."

నేను ఏడుస్తూ ముందుకు వంగి ఆ వైరు పీకేయాలని చెయ్యి చాపుతున్నాను, చాపేకొద్దీ డాష్‌బోర్డు దూరం జరుగుతోంది, ఎలాగో అందుకుంటే టేపు విప్పేకొద్దీ వస్తూనే ఉంది, ఎదురుగా బస్తాలు అద్దమంత పెద్దవవుతున్నాయి. అప్పుడు బావ మొదటిసారి వెనక్కి తిరిగి నా ముఖంలోకి చూస్తున్నాడు.

"పోనీలేరా అంకబాబూ, నాదెలాగూ అయిపోయింది. నా తర్వాత ఇంకెవరికీ కలపలేదు కదా?"

"లేదు బావా. నీ మీద ఒట్టు. ఎవరికీ కలపలేదు."

ఆ మాట నోట్లో ఉండగానే మెలకువ వచ్చింది. మిట్టమధ్యాహ్నం, నా షాపులోనే, ఎవరిదో తెల్ల కారు ముందు సీట్లో ఉన్నాను. పని ముగించి, అన్నం తిన్న మత్తులో కాస్త వాలినట్టున్నాను. వేలికి నల్ల టేపు ముక్క అంటుకుని ఉంది. హ్యాండ్‌బ్రేక్ కిందికే ఉంది, తెర మీద బొమ్మ కదులుతూనే ఉంది.