దెబ్బలు తినే ఉద్యోగం

రాక్షసి తోక మరోసారి డాలు మీద పడింది. గదిలో అందరూ 'గోడ' అని పిలిచే అతను రెప్ప వేయకుండా ఎడమచేతి చూపుడువేలితో ఒక మీట నొక్కాడు. తెర మీద ఇనుప కవచం తొడుక్కున్న వీరుడు కత్తితో తన డాలునే బాదుకుంటూ "రా, నా మీదికి రా!" అని గర్జించాడు. పక్కకు తిరగబోయిన రాక్షసి మళ్ళీ అతని మీదికే వచ్చింది. గోడ ఉద్యోగం అదే. పొద్దున కుర్చీలో కూర్చున్నది మొదలు లేచేదాకా కంప్యూటరు లోపలి రాక్షసులకు కోపం తెప్పించాలి, వాటి దెబ్బలు తినాలి.

అతనికి ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది గానీ, ఈ గదిలో దాన్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కూతుర్ని బళ్ళో "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే "దెబ్బలు తింటారు" అందట. టీచరు కంగారుపడి తల్లిని పిలిపించింది. భార్య ఇంటికొచ్చి పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక, "వేరే పని ఏదైనా చూసుకోరాదూ?" అంది. "చూద్దాంలే" అన్నాడు గోడ. అలా చూస్తూ చూస్తూ ఏళ్ళు గడిచాయి.

గది ఒక సామాన్ల గోదాము పైన ఉంది. ఎండ తెర మీద పడకుండా కిటికీలకు నల్లకాగితం అంటించారు. దాంతో గాలి కూడా రావడం మానేసింది. విప్పిన మేజోళ్ళ కంపు, విరిగిన టీ కంపు, ఒకరి మీద ఒకరు వదులుకునే ఊపిరి. హెడ్‌ఫోన్లు అందరికీ ఉమ్మడి. పొద్దున్నే చెవులకు తగిలించుకుంటే ముందువాడి చెమట చల్లగా అంటుకుంటుంది. ఎన్నేళ్ళయినా గోడకు ఆ చలి అలవాటు కాలేదు.

డబ్బున్నవాళ్ళు ఈ ఆట ఆడరు, ఆడిస్తారు. కత్తిగాళ్ళు రాక్షసిని నరుకుతారు, వైద్యురాలు గాయాలు మాన్పుతుంది, గోడ అడ్డం నిలబడతాడు. రాక్షసి కొనఊపిరికి వచ్చిందనగానే అందరూ చేతులు దించేస్తారు. అంతవరకూ చెట్టు చాటున నిలబడ్డ కస్టమరు వచ్చి ఒక్క వేటు వేసి వీరుడైపోతాడు. ఒకరు నమిలిపెడితే ఇంకొకరు మింగినట్టు.

అందరిలోకీ కష్టం వైద్యురాలిదే. నరికినవాడి కన్నా మాన్పినవాళ్ళంటేనే రాక్షసికి కక్ష ఎక్కువ. ఎన్ని గాయాలు మాన్పితే అంత కోపం ఆమె మీదికి మళ్ళుతుంది. ఆమె ఒంటి మీద కవచం లేదు, పలచటి అంగీ తప్ప. గోడ ఆ మీట నొక్కడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఒక్క పంజా దెబ్బకే పోతుంది. ఈ ఆటలో పోయినవాళ్ళు మొదటి మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. మొదటి మెట్టువాళ్ళకు ఈ గదిలో కుర్చీ ఉండదు. ఆ వైద్యురాలిని ఆడించే అమ్మాయి పక్క కుర్చీలోనే, చెప్పులు విప్పి ఒక కాలు మడుచుకుని కూర్చుంటుంది. ఆమె ఇల్లు ఆ కుర్చీ మీదే నడుస్తోంది.

మధ్యాహ్నం పోరు కొసకు వచ్చింది. హెడ్‌ఫోన్లో కస్టమరు ఏదో కరకరా నములుతున్నాడు. ఆ నమలడం గోడ చెవిలోనే జరుగుతోంది. "ఆగండాగండి, చంపకండి. వీడియో తీస్తున్నా, యాంగిల్ కుదరట్లేదు" అన్నాడు. ఆగారు. ఆగినంతసేపూ దెబ్బలు పడుతూనే ఉన్నాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఓనరు వెనకనుంచి వచ్చి గోడ మెడ మీద చెయ్యేశాడు. జిడ్డు చెయ్యి. ఒక చెవి మీంచి హెడ్‌ఫోను తప్పించి గుసగుసలాడాడు.

"చివర్లో మనవాళ్ళు ఒకరు పోతే, కస్టమరు పగ తీర్చుకున్నట్టు వీడియో రక్తి కడుతుందట. డాక్టరమ్మ మీదకి వదిలెయ్. ఆడపిల్ల కేకైతే బాగా పండుతుందంటున్నారు."

గోడ వేలు మీట మీదే ఉంచాడు. "ఆ అమ్మాయి మొదటి మెట్టుకి పోతుంది సార్. తర్వాత మీరు ఉంచుకోరుగా?"

"అవన్నీ నీకెందుకు? ఆ మీట మీంచి వేలు తియ్, చాలు."

పక్క కుర్చీలో వైద్యురాలికి ఇదేమీ వినపడలేదు. తెరకేసి చూస్తూనే, "అన్నయ్యా, గాయాలు ఎక్కువవుతున్నాయి. మాన్పేస్తున్నా, కోపం మీవైపు లాగండి" అంది.

గోడ లాగాడు. ఒకసారి కాదు, ఆగకుండా లాగాడు. కుడిచేత్తో మాత్రం డాలు దించేశాడు.

"అయ్యో, ఏం చేస్తున్నారు? డాలు ఎత్తండి అన్నయ్యా!"

"నువ్వు చేతులు తియ్యమ్మా. మాన్పకు."

"మాన్పకపోతే పోతారు!"

"తియ్యమంటున్నానా!"

ఎన్నడూ గొంతు పెంచని మనిషి అరిచేసరికి ఆమె చేతులు వాటంతటవే ఒళ్ళోకి వచ్చాయి. దీన్ని త్యాగమని ఎవరైనా అంటే గోడ ఒప్పుకోడు. అసహ్యమేసింది. ఆ నమలడం, ఆ జిడ్డు చెయ్యి, ఆ గుసగుస, ఇన్నాళ్ళూ వీటన్నిటికీ అడ్డం నిలబడ్డ తన వీపు, అన్నీ కలిపి అసహ్యమేసింది. పంజా రెండుసార్లు లేచి పడింది. ఇనుప వీరుడు మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగి, మసకబారిపోయాడు. చప్పుడు కూడా పెద్దగా రాలేదు.

కస్టమరు దూకి రాక్షసిని నరికేశాడు. "అబ్బబ్బ! ఏం పోయారండీ!" హెడ్‌ఫోన్లో నోటినిండా తిండితో మురిసిపోయాడు. "ఇంకోసారి పోతారా? ఇందులో నా మొహం సరిగ్గా పడలేదు."

గోడ హెడ్‌ఫోన్లు తీసి, చెవులు రెండూ చొక్కా అంచుతో గట్టిగా తుడుచుకున్నాడు. ఓనరు "బుద్ధుందా నీకు? రేపట్నుంచి..." అని మొదలుపెట్టాడు గానీ, గోడ అప్పటికే బల్ల కింద ఉన్న అన్నం డబ్బా అందుకుంటున్నాడు.

"ఎందుకిలా చేశారన్నయ్యా?" అంది వైద్యురాలు.

"వేలు నొప్పెడుతోందమ్మా" అన్నాడు గోడ. చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

వైద్యురాలు కాసేపు పక్క కుర్చీ వైపే చూసింది. అక్కడి మీటల వరసలో ఒక్కటి మాత్రం అక్షరం పూర్తిగా చెరిగిపోయి, వేలికొన పట్టేంత గుంట పడి, ఇంకా చెమట తడితో మెరుస్తోంది.