బావగారి ఫోర్ వీల్ డ్రైవ్

కారు తలుపు తీయగానే నర్సమ్మ ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు నిమ్మకాయ సెంటు గుప్పుమంది. దాని వెనకాలే తడిసిన కుక్క కంపు, ఆ వెనకాల ఎప్పుడో సీటు మీద ఒలికి విరిగిపోయిన పాల కంపు. పైన పటారం, లోన లొటారం. సీట్ల సందుల్లో బిస్కెట్ పొడి, సీటు అడుగున ఎవరో నమిలి అంటించిన చూయింగ్ గమ్, కాఫీ గ్లాసు పెట్టుకునే గుంటలో నల్లటి జిగురు. అమ్మబోయే ముందు ఒక్కసారి తడిగుడ్డ పెట్టి తుడుద్దామన్న ఇంగితం కూడా లేకపోయింది ఈ పెద్దమనుషులకి.

"పిల్లాపీచూ తిరిగిన బండమ్మా, ఆ మాత్రం ఉంటుంది," అన్నాడు బావగారు, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. కుట్టుకున్న పుల్లని జాగ్రత్తగా చొక్కా జేబులో దాచుకుని, అదే చేత్తో స్టీరింగుని ముద్దుగా నిమిరాడు. నర్సమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. బావగారంటే ఆమె భర్తకి స్వయానా అక్క మొగుడు. కనక ఏమీ అనడానికి లేదు.

ఇంత కంపు భరించి ఆ బండి చూడటానికి ఆవిడకేం పట్టిందంటే, ఆవిడ ఉద్యోగం కొండ మీది ఆసుపత్రిలో. పాప బడి కూడా ఆ పక్కనే. రోజూ పొద్దున్నే ఇద్దరూ కలిసి పోవాలి. చివరి రెండు కిలోమీటర్లూ మట్టి రోడ్డు, నిట్టనిలువు ఎత్తు. పోయిన నెల వానలో ఆవిడ చిన్న కారు ఆ ఎత్తు సగం ఎక్కి, బ్రేకు తొక్కినా ఆగకుండా వెనక్కి జారింది. అంచున ఒక బండరాయి ఉండబట్టి ఆగింది, లేకపోతే కింద లోయే. "అమ్మా, మనం వెనక్కెందుకు పోతున్నాం?" అని వెనక సీట్లోంచి పాప నింపాదిగా అడిగింది. ఆ రోజు నుంచీ నర్సమ్మకి కంటి నిండా నిద్ర లేదు.

అందుకని నాలుగు చక్రాలూ లాగే బండి కావాలంది. సామానూ అత్తగారూ కూడా పట్టే పొడుగాటి ఎస్టేట్ కారైతే ఇంకా మంచిదన్నాడు భర్త. రెండు వారాలు ఊరంతా గాలించినట్టు నటించి, చివరికి "మన బావగారిదే ఉందిగా" అన్నాడు.

ఆసుపత్రి అంబులెన్స్ డ్రైవరు ఆవిడకి ముందే చెప్పి పంపాడు. "ఇంజను దగ్గర్నించి వెనక చక్రాలకి కారు పొడుగునా కింద ఒక ఇనప రాడ్డు పోతుంది మేడమ్. అది చెడితే కొంతమంది బాగుచేయించరు, పీకేసి అమ్మేస్తారు. ముందు చక్రాల మీద బండి మామూలుగానే నడుస్తుంది, ఎవరికీ తెలీదు. తడి గడ్డి మీద ఎత్తు ఎక్కించి చూడండి."

బావగారి ఇంటి వెనక మట్టి గట్టు ఉంది. రాత్రి కురిసిన వానకి బాగా నానింది. "అన్నయ్యగారూ, ఒక్కసారి ఆ గట్టు ఎక్కించండి," అంది నర్సమ్మ.

కాఫీ గ్లాసులు పట్టుకొచ్చిన ఆడపడుచు మెట్ల మీదే ఆగిపోయింది. "ఏమ్మా, అయినవాళ్ళ దగ్గర కూడా చక్రాలు లెక్కపెడతావా?"

"ఊరుకో, బాగుండదు," అని భర్త చెవిలో గొణిగాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ ఆయన నేర్చుకున్న శాస్త్రం ఆ ఒక్క ముక్కే. మొహమాటానికి పోతే కడుపొచ్చిందని సామెత ఊరికే పుట్టలేదు.

నర్సమ్మ ఊరుకోలేదు. పాప అప్పటికే వెనక సామాను పెట్టుకునే చోట బోర్లా పడుకుని అద్దానికి ముక్కు ఆనించి ఉంది. ఆ పిల్లని దించి దూరంగా నిలబెట్టింది. బావగారు విసుక్కుంటూ బండెక్కి గేరు వేశాడు. ముందు చక్రాలు గిర్రున తిరిగి ఆయన పెరటి గోడ మీదికే బురద చిమ్మాయి. వెనక చక్రాలు వీసమెత్తు కదల్లేదు. ఇంజను ఎంత అరిచినా బండి గట్టు మొదట్లోనే ఉండిపోయింది.

నర్సమ్మ బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, ఫోన్ లైటు కిందికి పట్టింది. రాడ్డు ఉండాల్సిన చోట తుప్పు పట్టిన బోల్టులు రెండు, వాటికి వేలాడుతూ మట్టి. అంతే. ఆవిడ లేచి చేతులు చీరకి కాదు, ఆ కారు తలుపుకే తుడుచుకుంది.

"రాడ్డేదండీ అన్నయ్యగారూ?"

బావగారు ఏమాత్రం తొణకలేదు. "చప్పుడు చేస్తోంటే తీయించేశానమ్మా. మా బావమరిదికి పోయిన ఆదివారమే చెప్పానే. అందుకేగా అంత తగ్గించి ఇస్తున్నది. నీకు చెప్పలేదూ?"

భర్త నీళ్ళు నమిలాడు. "చెబుదామనే అనుకున్నా. బావగారు అంత నోరు తెరిచి ఇస్తానంటే వద్దని ఎలా అనను? నిదానంగా మనమే వేయించుకోవచ్చులే అని..."

"ఈలోగా?"

అతను వంగి చెప్పులకంటిన బురద గీక్కోవడం మొదలుపెట్టాడు. నర్సమ్మకి అప్పుడు వేసినంత అసహ్యం ఆ కుక్క కంపుకి వెయ్యలేదు, ఆ పళ్ళ పుల్లకి వెయ్యలేదు. వారం రోజులు ఈ మనిషి తన పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. బండరాయి సంగతి మొత్తం విన్నాడు. తెలిసీ నోరు మూసుకున్నాడు.

"సరే, కొందాం," అంది నర్సమ్మ. "రేపు పాపని కొండ మీదికి మీరు తీసుకెళ్ళండి. ఇందులోనే."

అతను తల ఎత్తి మబ్బు వైపు చూశాడు. ఆలోచించుకునే లోపే మాట జారిపోయింది.

"రేపు వాన పడేలా ఉందే."

మెట్ల మీద ఆడపడుచు కూడా చప్పున తల దించుకుంది. బావగారు జేబులో పుల్ల వెతుక్కున్నాడు.

"నేను తీసుకెళ్తే పడదా?" అంది నర్సమ్మ.

జవాబు కోసం ఆవిడ ఆగలేదు. పాప చెయ్యి పట్టుకుని గేటు దాటి బస్టాపు వైపు నడిచింది. భర్త పరుగున వచ్చి పాప రెండో చెయ్యి అందుకోబోయాడు. నర్సమ్మ నడుస్తూనే పిల్లని ఈ పక్కనించి ఆ పక్కకి మార్చుకుంది.